ఊరికొక్కటే పేరనెడి భ్రాంతి

మన తూర్పుతీరపు పట్టణముల పాతపేళ్ల ప్రసక్తి వచ్చినప్పుడెల్ల సభలలోను, పత్రికలలోను, పాఠశాలలలోను ఒకే అభిప్రాయము మరల మరల వినవచ్చుచున్నది. మసూలిపటము, కోకనాడ, బిమ్లిపటము, వైజాగపటము, కోరింగ, మడపొల్లము, చికాకోలు మొదలైనవన్నియు తెల్లవారికి నోరు తిరుగక పుట్టిన వికృతరూపములనియు, ప్రతి ఊరికిని వారి రాకకు పూర్వమే స్వచ్ఛమైన నిజనామ మొక్కటి యుండెననియు, ఆ నిజనామమును నిలిపి తక్కినవానిని దాస్యచిహ్నములుగా నెంచి తుడిచివేసినచో మనకు గౌరవమే గాని నష్టమేమియు లేదనియు ఆ అభిప్రాయము యొక్క సారాంశము. దీనిని పలుకువారిలో విద్యావంతులు గలరు, దేశభక్తులు గలరు, అధికారమున నున్నవారును గలరు. అందుచేతనే దీనిని ఉపేక్షించి ఊరకుండుటకు వీలులేదు.

ఈ వాదమునకు బలము లేకపోలేదు. ఒక జాతి తన ఊరిపేరును తన నోట పలికినట్లు వ్రాసికొనుటకు నోచుకొనకపోవుట అవమానమే. ఇంటిలో తల్లి కాకినాడ యని పిలిచిన ఊరిని బడిలోను, కచ్చేరిలోను, తపాలా ముద్రలోను కోకనాడ యని చూడవలసివచ్చిన తరముల వారి మనఃక్లేశము నిజమైనది. దానిని తేలికపరచు హక్కు ఎవరికిని లేదు. నేడు ప్రభుత్వవ్యవహారమున కాకినాడ, మచిలీపట్నము, విశాఖపట్నము, శ్రీకాకుళము అనియే వ్రాయవలెనన్న నియమముతో నాకు లేశమాత్రమైనను విరోధము లేదు. నా విరోధ మెల్ల దానికి తగిలించిన మూడు మాటలతోడనే. పాతపేళ్లన్నియు తెల్లవారి సృష్టియనుట మొదటిది. ప్రతి ఊరికి నిజనామ మొక్కటియే యనుట రెండవది. తక్కినవి మరచినను నష్టము లేదనుట మూడవది. మొదటి రెండును అసత్యములు. మూడవది అసత్యమే గాక అపాయకరము కూడ.

1. అన్నియు తెల్లవారి వికృతులేనా?

మచిలీపట్నమునే తీసికొందము. క్రీస్తుశకము 1వ శతాబ్దమునాటి గ్రీకు నావికుని తీరవర్ణన గ్రంథమగు పెరిప్లసు ఈ ప్రాంతమును మసాలియా యని పేర్కొని, అక్కడ నేయబడు సన్నని వస్త్రముల విస్తారమును చెప్పినది. 2వ శతాబ్దమున టాలమీ దీనినే మైసోలియా యనినాడు. డచ్చివారు ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పినది 1605లో. ఆంగ్లేయుల ఓడ వచ్చి చేరినది 1611లో. అప్పటికే అది గోలకొండ సుల్తానుల ప్రధానమైన రేవు, పారసీకము మాటలాడు వర్తకులతో నిండిన పట్టణము. ఆ పారసీకులు రేవును బందరు అనుచుండిరి. ఆ మాటయే కాలక్రమమున ఊరిపేరై నేటికిని కృష్ణాజిల్లా ప్రజల నాలుకమీద నిలిచియున్నది. బస్సు కండక్టరు బందరు బందరు అని కేకవేయును. మిఠాయి దుకాణములో లడ్డు బందరు లడ్డే. దాస్యచిహ్నములను తుడిచివేయవలె ననువారు బందరును కూడ తుడిచివేయుదురా? తుడిచివేసి మచిలీ యను ఉత్తరాదిమాటను నిజనామమని స్థాపించుదురా? మసూలి యను రూపము తెల్లవారి అపభ్రంశమని నిర్ధారణచేయువారు పదునెనిమిది శతాబ్దముల క్రిందటి మైసోలియాకు ఏమి సమాధానము చెప్పుదురు? ఆ రెంటికిని గల సంబంధ మెంత, ఏ మేరకు అని పండితులు తర్కింతురు గాక. తర్కమునకు తావున్నదను సంగతినైనను ఈ వాదులు గుర్తింపకపోవుట నాకు దుస్సహముగా నున్నది.

ఇక దక్షిణముగా నిజాంపట్నమునకు వత్తము. 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇక్కడ దిగినప్పుడు తమ లెక్కలలో ఈ రేవును పెటపోలి యని వ్రాసికొనిరి. ఆ పెటపోలి మరేమియు గాదు, స్థానికుల నోట వారు విన్న పెద్దపల్లియే. నేటి అధికారనామము నిజాంపట్నము. ఇప్పుడు ఈ వాదులనే అడుగుచున్నాను: ఈ రెంటిలో తెలుగు ఏది? తెల్లవారు వికృతము చేసినదని మీరు రోయు రూపములో పల్లెవాని మాట ప్రాణముతో నున్నది; మీరు స్వదేశీయమని నిలుపుకొన్న రూపములో నున్నది ఒక ప్రభువు బిరుదము. పరదేశి చెవి మొద్దుదే కావచ్చును, వాని కలము వక్రమైనదే కావచ్చును. కాని వాడు విన్నది మన నోటనుండియే. మనము వ్రాసిపెట్టుకొనని మాటను వాడు వంకరగా నైనను వ్రాసిపెట్టినాడు. ఆ వంకరను సరిచేసికొని మన మాటను మరల రాబట్టుకొనుట పండితుల పని. వంకర యని కాగితమునే చింపివేయుట ఏమి విజ్ఞత?

మడపొల్లము కథ ఇంతకంటె శోచనీయము. నరసాపురము చెంత గోదావరి యొడ్డున మాధవాయపాలెమను ఊరు గలదు. 17వ శతాబ్దమున ఆంగ్లేయుల కంపెనీకి అక్కడ వర్తకస్థాన ముండెను. అక్కడినుండి ఓడలెక్కిన నూలువస్త్రమునకు వారి నోట మడపొల్లమను పేరు కుదిరినది. ఊరి వైభవము గతించినది; వర్తకస్థానపు గుర్తులు కూడ మిగులలేదు. కాని మడపొల్లమను వస్త్రనామము పాశ్చాత్య భాషల నిఘంటువులలో నేటికిని నిలిచియున్నది. దూరదేశములలో ఆ బట్టను కొలిచి యమ్మిన వర్తకునకు గోదావరి యన నేమో తెలియదు. మాధవాయపాలెపు సాలెవాని వంశీయునకు ఆ బట్టపేరు తెలియదు. ఈ రెండు అజ్ఞానములను కలుపగల సూత్ర మొక్కటియే యున్నది, అది ఆ పాతపేరు. దానిని తెంపివేయుటయే గౌరవమని మనకు బోధించుచున్నారు.

భీమునిపట్నమును గూర్చి ఒక్కమాట. ఆ ఊరివారెవ్వరును దినచర్యలో భీమునిపట్నమనరు, భీమిలి యందురు. డచ్చివారి, ఆంగ్లేయుల బిమ్లిరూపము గ్రాంథికమైన భీమునిపట్నమునకంటె ఈ భీమిలికే దగ్గర. ఎవరి నోటిమాట అందులో వినబడుచున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

2. నిజనామ మొక్కటియే యనుట

ఇది అన్నింటికంటె లోతైన పొరపాటు. తక్కిన పొరపాట్లన్నియు దీనినుండియే పుట్టుచున్నవి.

బాపట్ల జిల్లా చినగంజాం ప్రాంతమున సముద్రమునకు చేరువగా మోటుపల్లి యను చిన్న ఊరున్నది. నేడు అది రేవని చెప్పిన నమ్ముట కష్టము. అక్కడి వీరభద్రాలయమున ఒక స్తంభముమీద కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసన మున్నది. పూర్వరాజులు, గాలివానకు చిక్కి దారితప్పి ఒడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను ప్రాణములకంటె ధనము ప్రియమైనదని యెఱిగి, సముద్రమును దాటు సాహసము చేసిన వర్తకులయెడ దయతోను, ధర్మార్థమును, కీర్తికొఱకును, నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని వారికి అభయమిచ్చుచున్నాననియు దాని భావము. కర్పూరము, చందనము, పన్నీరు, ముత్యములు, పగడములు, దంతము, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు, ఒక్కొక్కదానిపై సుంకమెంతయో వరుసగా చెక్కబడియున్నది. తీరదేశచరిత్రమున ఇంతటి ధర్మపత్రము మనకు మరియొకటి లేదని నా నమ్మకము. 1358లో అనపోతారెడ్డియు ఈ రేవున వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించినాడు. కాకతీయుల కాలముననే ఈ తీరమునకు వచ్చిన వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ దేశమును ముట్ఫిలి యని పేర్కొని, అక్కడి సన్నని వస్త్రములను వేనోళ్ల పొగడినాడు.

ఇప్పుడు పేరు సంగతి చూడుడు. శాసనములలో ఈ ఊరు ఒకచోట మోటుపల్లి, మరియొకచోట దేశియుయ్యకొండపట్టణము, సంస్కృతశ్లోకములలో ముకుళపురము. పరదేశి వ్రాతలో ముట్ఫిలి. నాలుగు పేళ్లలో నిజమైన దేది? దేశియుయ్యకొండపట్టణమను నామమునందు దక్షిణాది వర్తకసంఘముల భాషయు, ప్రాభవమును తొణికిసలాడుచున్నవి. ముకుళపురమునందు ఆస్థానకవి సంస్కారము కనబడుచున్నది. మోటుపల్లి యందు ఊరిజనుల నాలుక వినబడుచున్నది. ఏ యొక్కటి నిలిపి తక్కినవి కొట్టివేసినను ఊరి చరిత్రలో ఒక్కొక్క జనసమూహము మాయమగును. శాసనము వేయించినవారు ఒక పేరు మరియొక పేరును కొట్టివేయునని తలపలేదు. ఇది యనియు, దీనికే మరియొక పేరనియు, రెంటిని ప్రక్కప్రక్కనే చెక్కించి నిశ్చింతగా నుండిరి.

విశాఖపట్నమును చూడుడు. సముద్రము తన గర్భమున దాచుకొన్నదని చెప్పబడు విశాఖేశ్వరస్వామి ఆలయమునుండి పేరు వచ్చినదని ఒకరి విశ్వాసము. రేవుకొండమీది దర్గాలో విశ్రమించిన ఇషాక్ మదీనా యను మహాత్ముని పేరే ఊరికి వచ్చినదని మరికొందరి విశ్వాసము. చోళుల ప్రాబల్యకాలపు శాసనము విశాఖపట్టణమును పేర్కొనుచు దానికే కులోత్తుంగచోళపట్టణమను రెండవ పేరును చెప్పుచున్నది. నెల్లూరు తీరమున కృష్ణపట్నమును తమిళశాసనములు కొల్లిత్తురై యనియు, గండగోపాలపట్టణమనియు వ్యవహరించినవి. ఘంటసాల నాగార్జునకొండ శాసనములలో కంటకసోల. అక్కడి మహాచైత్యమును ఉపాసిక బోధిశ్రీ తన దానశాసనమున స్మరించినది. టాలమీ లెక్కలో అది కొంటకోస్సిల యను వర్తకస్థలము. సముద్రము వెనుకకు జరిగినది, నది ఒండ్రును నింపినది, రేవు పొలమైనది. నేడు ఆ ఊరి పేరు వినిన వానికి అది సముద్రవాణిజ్యమున ప్రసిద్ధికెక్కినదని తోచనే తోచదు.

ఇన్ని నిదర్శనములు కన్నులయెదుట నుండగా ఊరికొక్కటే పేరనెడి సిద్ధాంతము ఎక్కడినుండి వచ్చినది? మన పూర్వులనుండి కాదు. ప్రతి గ్రామమునకును ఒక వరుససంఖ్య, ఒక హద్దు, ఒక వర్ణక్రమము ఉండితీరవలెనని పట్టుపట్టినవాడు కంపెనీ సర్వేయరు. శిస్తు దఫ్తరులో ఒక ఊరు రెండు పేళ్లతో నుండుట వానికి గడ్డుసమస్య. 1870 ప్రాంతమున హంటరు లిప్యంతరీకరణపద్ధతితో గెజెటీరులు కూర్చినప్పుడు ఆ కోరిక రాజశాసనమైనది. కనుక దాస్యచిహ్నములను తొలగింపుచున్నామని బయలుదేరిన ఈ వాదులు తొలగింపుచున్నది అక్షరములను మాత్రమే. ఆ అక్షరముల వెనుక నున్న పరపాలకుని బుద్ధిని, ఒక ఊరు ఒక పేరు అను దఫ్తరుబుద్ధిని, శిరసావహించి మోయుచునే యున్నారు.

3. శూన్యమున మొలచు కట్టుకథలు

నిజమైన పాతపేళ్ల వరుస మరచిన చోట ఏమి మొలచునో అందరును ఎఱిగినదే. కాకినాడ నౌకాశ్రయము కెనడాను తలపించినందున దానికా పేరు వచ్చినదని ఒక కథ. కాకాసురుని కథ యొకటి. కోకనదములు పూచిన చెరువు కథ మరియొకటి. శ్రీకాకుళము చికాకోలగుటకు సిక్కాలు నింపిన సంచి విప్పించుటయే కారణమని ఒక కథ. భీమునిపట్నమునకు బకాసురుని చంపిన భీముడు ఉండనే యున్నాడు. కథలు చెప్పుకొనుట తప్పుగాదు. అవియు ప్రజాహృదయమునకు సంబంధించినవే. కాని ఈ కథలన్నింటికిని ఒకే లక్షణము గలదు: ఒకనాడు, ఒక మనుష్యుడు, ఒక మాట పలికినాడు, ఊరికి పేరు వచ్చినది. ఊరిపేరు శతాబ్దములుగా నోటినుండి నోటికి, లిపినుండి లిపికి ప్రయాణముచేసిన సంగతియే ఇందులో లేదు. నిజనామవాదికిని ఈ కథకునకును మధ్య భేదము చాల స్వల్పము. ఇద్దరును ఆదియందు ఒక్క క్షణమును మాత్రము నమ్మి నడుమనున్న కాలమునంతటిని త్రోసివేయువారే. ఇట్టి కథలను పాఠ్యపుస్తకములలోను, పర్యాటకశాఖ పలకలమీదను చరిత్రగా ముద్రించుచుండగా, ఓడల చిట్టాలలోని కోరింగ యను మాటను చూపుట మాత్రము దాస్యమనిపించుకొనుచున్నది.

4. నష్టమేమి యనువారికి

నష్టమేమో చెప్పెదను. కోరంగినుండి మొదలుపెట్టెదను.

గోదావరి పాయ సముద్రములో కలియుచోట, నేటి తాళ్లరేవు మండలమున కోరంగి యున్నది. ఓడలు కట్టుటకును, మరమ్మతు చేయుటకును ప్రసిద్ధి చెందిన రేవు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని ముంచినది. 1839 నవంబరులో మరియొక ఉప్పెన దానిని మరల లేవనీయలేదు. వర్తకము కాకినాడకు తరలిపోయినది. నేడు కోరంగి యన్న విద్యార్థికి మడ అడవుల అభయారణ్యము మాత్రమే జ్ఞప్తికి వచ్చును. కాని 19వ శతాబ్దమునను, 20వ శతాబ్దపు పూర్వార్ధమునను రంగూను రేవులో బియ్యపు మూటలు మోసినవారును, రిక్షాలు లాగినవారును, మరలలో పనిచేసినవారును అయిన లక్షలాది తెలుగువారిని బర్మాదేశమున అందరును కోరంగీలనియే పిలిచిరి. వారు శ్రీకాకుళపువారు కావచ్చును, విశాఖ పల్లెలవారు కావచ్చును. ఓడ ఎక్కినది మరియొక రేవునందైనను కావచ్చును. పేరు మాత్రము కోరంగి. ఆ మాటను అక్కడ తరచుగా తిరస్కారముతోనే పలికిరి. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె పిమ్మట రంగూనులో చెలరేగిన దొమ్మీలలో చంపబడినవారు ఈ కోరంగీలే.

ఇప్పుడు ఒక తెలుగుబిడ్డ ఆ దొమ్మీల విచారణవృత్తాంతమును చదువుచున్నాడనుకొనుడు. కోరింగీ యను మాట పుటపుటకును ఎదురగును. కోరంగి యొక రేవనియు, ఆ రేవు తన తాతముత్తాతలను సముద్రమున కంపిన ద్వారమనియు తెలియని ఆ బిడ్డకు అది ఏదో అపరిచితజాతి కథగా తోచును. చచ్చినది తన ఇంటివాడని తెలియక పుట త్రిప్పును. ఇంతకంటె నష్టమేమి కావలెను? మన వలసకూలీలు తమ చరిత్రను తాము వ్రాసికొనలేదు. వారికి అక్షరజ్ఞానమే లేదు. వారిని గూర్చి మిగిలినదెల్ల పరులు పెట్టిన ఆ పేరుక్రిందనే దాఖలై యున్నది. ఆ పేరు అవమానకరమని దానిని విసర్జించినవారు, తెలియకయే, ఆ కూలీలను రెండవమారు సముద్రములో ముంచుచున్నారు.

వర్తకము విషయమును ఇట్లే. ప్రపంచవిపణిలో ఒకప్పుడు బిమ్లిపటం జూటు అను సరకుండెను. అది మన గోగునార. ఉత్తరాంధ్ర రైతు మెట్టపొలమున పండించినది. భీమిలి రేవునుండి పోయినందున దానికా పేరు. సరకుల పట్టికలలో దానిని వెదకువాడు భీమునిపట్నమను పేరుతో వెదకిన ఏమియు దొరకదు. రైలుశాఖవారి సంకేతాక్షరములను చూడుడు: కాకినాడ టౌనునకు నేటికిని సి.సి.టి., మచిలీపట్నమునకు ఎం.టి.ఎం. కోకనాడయు, మసూలిపటమును పలకమీదనుండి దిగిపోయినవి గాని టిక్కెట్టుమీద కూర్చుండియే యున్నవి. దినమును ఆ టిక్కెట్టు కొనువాడు, కాకినాడ పేరులో లేని ఆ రెండు సీలు ఎక్కడినుండి వచ్చినవో ఎఱుగడు. పాతపేరు పోలేదు, దానిని చదువగల జ్ఞానమే పోయినది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. తీరమున గృహములు కట్టుటకును, రేవులు త్రవ్వుటకును పూనుకొన్న ఇంజనీరుకు 1789, 1839, 1864 నాటి వృత్తాంతములు తెలిసియుండుట పాండిత్యవిలాసము గాదు, మనుష్యుల ప్రాణములకు సంబంధించిన విషయము. ఆ వృత్తాంతములన్నియు కోరింగ, మసూలిపటము, ఇంజరము, బండమూర్లంక అను పేళ్లక్రిందనే యున్నవి. హేగునగరమునందలి డచ్చి దఫ్తరములు, లండనులోని కంపెనీ చిట్టాలు, మదరాసులోని రికార్డులు, ఇవన్నియు ఆ తాళపుచెవులతోనే తెరచుకొనును. ఇది చరిత్రకారుల పని, సామాన్యునకేల యని కొందరందురు. సామాన్యుని ఊరిలో పుట్టని చరిత్రకారు డెక్కడినుండి వచ్చును? చిన్ననాట బడిలో ఈ పేరు ఒక్కమారైనను వినని విద్యార్థి పెద్దవాడై దానిని దఫ్తరములో వెదకవలెనని ఎట్లు తలచును?

5. తెల్లవాడు తాకని పేళ్ల గతి

పేళ్లు మార్చుటయే దేశసేవ యనుకొనువారిని నేను ముఖ్యముగా ప్రశ్నింపదలచినది ఇక్కడనే. పరదేశి వ్రాయక, శాసనము చెక్కక, కేవలము మత్స్యకారుని నోట మాత్రము బ్రతికియున్న పేళ్లను గూర్చి వారేమి చేసినారు?

దాదాపు వేయి కిలోమీటర్ల మన తీరమున ఇసుకదిబ్బకొక పేరు, ఉప్పుటేటి మలుపుకొక పేరు, నదీముఖమునకొక పేరు గలదు. తిప్ప, మొగ, లంక, పాలెము, పాకలు, ఈ మాటలతో ముగియు వందలాది పేళ్లలో ఏ ఇసుక ఎప్పుడు పేరుకొన్నదో, ఏ పాయ ఎప్పుడు మూసికొన్నదో, ఏ కుటుంబము ఏ ఒడ్డునుండి ఏ ఒడ్డుకు తరలినదో తెలియును. ఇవి గాక సముద్రములోపల వల వేయు తావులకు వేరే పేళ్లున్నవి. ఒడ్డున ఏ కొండ ఏ గుడిశిఖరముతో ఒక వరుసకు వచ్చునో చూచుకొని పల్లెవారు ఆ తావులను గుర్తింతురు. కాకినాడకు ఎదురుగా నున్న దీవిని పటములన్నియు హోప్ ఐలాండు అనుచున్నవి. ఆ దీవిమీద కాపురమున్నవారి ఊరు పుత్రయ్యపాకలు. విశాఖ రేవునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన కొండను పర్యాటకుడు డాల్ఫిన్సు నోసు అనును. దానిని ఆనుకొనియున్న ఊరు యారాడ, కొండ యారాడకొండ. చింతపల్లి దీపస్తంభము నావికుల పటములో శాంటపిల్లి. మదరాసునకు పూర్వమే, 1626లో, ఆంగ్లేయులు వర్తకస్థానము పెట్టిన దుగరాజపట్నపు తీరము వారి పటములలో ఆర్మగాను. తమకు సాయపడిన ఆర్ముగ మొదలియారు పేరును వారట్లు వ్రాసికొనిరి. నగరముల పలకలు మార్చిన మహోత్సాహము ఈ చిన్నపేళ్ల దరికి రాలేదు. పట్టణపు పేరుకు ఊరేగింపు దొరకును. తిప్పపేరుకు ఎవడు ఊరేగును?

ఉప్పాడ తీరమును సముద్రము ఏటేట కోయుచున్నది. ఇండ్లు పోయినవి, గుడులు పోయినవి, బాట ఎన్నోమారులు కొట్టుకొనిపోయినది. పోయిన వీధుల పేళ్లను చెప్పగలవారు కొద్దిమంది వృద్ధులు మాత్రమే. గంగవరమున క్రొత్త ఓడరేవు కట్టినప్పుడు దిబ్బపాలెమను మత్స్యకారుల ఊరు లేచి మరియొకచోటికి పోవలసివచ్చినది. దీవిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచినప్పుడు కొన్ని పల్లెలు పూర్వస్థితికి మరల రానేలేదు. ఈ మార్పులలో ఏ యొక్కదానిని తెల్లవాడు చేయలేదు. మన ప్రభుత్వము, మన పెట్టుబడి, మన సముద్రము, మన మరపు. తెల్లవాని వికృతరూపములమీద కోపము చూపి తృప్తిపడిన జాతి తన కండ్లయెదుట జరుగుచున్న ఈ నామక్షయమును గుర్తింపకపోవుట ఆ కోపము చేసిన అపకారములలో పెద్దది. ఒక సులభమైన శత్రువు దొరికినందున కష్టమైన బాధ్యత మరుగునపడినది.

6. చేయవలసినది

నే నిప్పుడు చెప్పునది రాజీ గాదు. పలకమీద ఒక పేరే యుండవలెననుట తప్పు. ఊరిలోనివారు పలుకు పేరు పైన పెద్ద అక్షరములతో నుండవలెను, దాని క్రింద శాసనములలో కనబడిన పేళ్లు, పరదేశీయులు వ్రాసిన పేళ్లు, ఆయా కాలములతో సహా ఉండవలెను. మోటుపల్లి ఊరి మొగదల ముకుళపురమును, దేశియుయ్యకొండపట్టణమును, ముట్ఫిలియు కనబడవలెను. నిజాంపట్నపు పలకమీద పెద్దపల్లియు పెటపోలియు, కోరంగి పలకమీద రంగూను కూలీల ముచ్చటయు ఉండవలెను. భీమిలిలో డచ్చి సమాధులచుట్టు గోడకట్టి తాళమువేయుటతో సరిపెట్టక, ఆ ఊరు 1825లో డచ్చివారి చేతినుండి ఆంగ్లేయుల చేతికి పోయినదనియు, అంతవరకు ఏయే పేళ్లతో పిలువబడినదనియు అక్కడనే తెలుగులో వ్రాయవలెను. జిల్లా గెజెటీరుల క్రొత్తకూర్పులలో ప్రతి తీరగ్రామమునకును పూర్వనామముల పట్టిక తప్పనిసరి చేయవలెను. మత్స్యకారుల తిప్పలకును, మొగలకును, సముద్రములోని వలతావులకును గల పేళ్లను వారి ఉచ్చారణతోడనే, ఇప్పుడు, వృద్ధులు బ్రతికియుండగానే, వ్రాసికొనుటకు విశ్వవిద్యాలయములు పూనుకొనవలెను. పదేండ్లు ఆలస్యము చేసినచో వ్రాయించువారుందురు గాని చెప్పువారుండరు.

పేరు మార్చు అధికారము ప్రభుత్వమునకున్నది, దానిని కాదనను. కాని ఏ ఊరిపేరు మార్చినను, ఏ రేవుకొఱకు ఏ పల్లెను లేపినను, పోవుచున్న పేరు, అది వ్యవహరింపబడిన కాలము, దానిని పలికిన జనము, అది కనబడు పత్రములు, ఇవన్నియు ఆ ఉత్తరువులోనే దాఖలు చేయవలెనని చట్టము కావలెను. ఆ దాఖలు లేని ఉత్తరువు చెల్లరాదు.